కార్డులోని కుటుంబం: వెబ్ సేవల వర్ణనలో సంక్లిష్ట దత్తాంశ రకాలు

ఒక రాష్ట్రం జారీ చేసిన రేషన్ కార్డు మీద మరో రాష్ట్రంలోని చౌకధరల దుకాణం బియ్యం ఇవ్వాలంటే, కుటుంబంలో ఎవరెవరిని లెక్కించాలి, వారికి నెలకు రావలసింది ఎంత, అందులో ఇప్పటికే ముట్టింది ఎంత అనే విషయాలను రెండు రాష్ట్రాల కంప్యూటర్లూ ఒకే రూపంలో అర్థం చేసుకోవాలి. ‘ఒకే దేశం – ఒకే రేషన్ కార్డు’ ఏర్పాటు 2019 ఆగస్టు 9న ఆంధ్రప్రదేశ్–తెలంగాణ, గుజరాత్–మహారాష్ట్ర జంటల మధ్య మొదలై, క్రమంగా విస్తరించి, 2022 ఫిబ్రవరిలో ఛత్తీస్‌గఢ్‌కు చేరింది. ఆ రాష్ట్రంలోని బస్తర్ డివిజన్ ప్రజలకు ఇది పెద్ద మార్పు. సుక్మా, బీజాపూర్ జిల్లాల నుంచి మిర్చి ఏరే కాలంలో కూలీలు ఏటా సరిహద్దు దాటి తెలంగాణలోని భద్రాద్రి కొత్తగూడెం, ములుగు, ఖమ్మం జిల్లాలకు వస్తారు. 2005 తర్వాత, మావోయిస్టులకు వ్యతిరేకంగా సాగిన సల్వాజుడుం కాలపు హింసను తప్పించుకుని వచ్చి, ఆ జిల్లాల అడవుల అంచున గూడేలు కట్టుకుని నిలిచిపోయిన కుటుంబాలూ ఉన్నాయి. అలాంటి కుటుంబం గురించి ఒక కంప్యూటర్ మరో కంప్యూటర్‌ను అడిగే ప్రశ్ననూ, అందుకు వచ్చే జవాబునూ ముందుగానే తీర్చిదిద్దే పద్ధతి ఈ అధ్యాయపు విషయం. ఉదాహరణగా ఇక్కడ వచ్చే వర్ణన ఏ ప్రభుత్వ వ్యవస్థకూ నకలు కాదు. చట్టంలోనూ అమలులోనూ ఉన్న నిబంధనలను తీసుకుని, వాటిని వెబ్ సేవ భాషలో రాస్తే ఎక్కడెక్కడ చిక్కులు వస్తాయో చూపడానికి కూర్చినది.

మనిషి తెర మీద చూసి చదువుకునే వెబ్ పేజీ వేరు, ఒక ప్రోగ్రాం మరో ప్రోగ్రాంను నెట్‌వర్క్ ద్వారా అడిగి పని చేయించుకునే వెబ్ సేవ వేరు. పేజీలో ఒక గడి ఖాళీగా ఉన్నా, తేదీ తలకిందులుగా రాసి ఉన్నా చదివేవాడు సర్దుకుని అర్థం చేసుకుంటాడు. ప్రోగ్రాంకు ఆ వెసులుబాటు లేదు. అందుకే ఏ ప్రశ్నలు అడగవచ్చు, ప్రతి ప్రశ్నకూ ఏ వివరాలు జతచేయాలి, జవాబు ఏ ఆకారంలో వస్తుంది, పని విఫలమైతే ఏం చెబుతుంది, ఏ చిరునామాలో అడగాలి అన్నవన్నీ యంత్రం చదవగలిగేలా రాసిన వర్ణన పత్రం కావాలి. ఈ అవసరం కోసం రూపొందిన భాష డబ్ల్యూఎస్‌డీఎల్. మైక్రోసాఫ్ట్, ఐబీఎం, అరిబా సంస్థలు సిద్ధం చేసిన దాని 1.1 రూపాన్ని వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2001 మార్చిలో ఒక నోట్‌గా ప్రచురించింది; దాన్ని రాసినవారిలో శ్రీలంకకు చెందిన కంప్యూటర్ శాస్త్రవేత్త సంజీవ వీరవరణ ఒకరు. 2.0 రూపం 2007 జూన్‌లో పూర్తి స్థాయి సిఫారసుగా వెలువడినా, ఆచరణలో నిలిచింది ఎక్కువగా 1.1 రూపమే.

ఈ వర్ణన పత్రంలో మొదటి భాగం ‘టైప్స్’, అంటే రకాలు. సందేశాలు, క్రియలు, రవాణా పద్ధతి, చిరునామా అన్నవి తర్వాత వస్తాయి. వరుసలో మొదటిదైన ఈ భాగం ప్రాధాన్యంలో కూడా మొదటిదే, ఎందుకంటే మిగతా భాగాలను చాలావరకు సాధనాలే తయారు చేసిపెడతాయి గానీ, కుటుంబం అంటే ఏమిటో ఏ సాధనమూ తనంతట తాను చెప్పలేదు. రకాలను రాయడానికి డబ్ల్యూఎస్‌డీఎల్ సొంత భాషను కల్పించుకోలేదు. 2001 మే నెలలో సిఫారసుగా వెలువడిన ఎక్స్‌ఎమ్‌ఎల్ స్కీమాను అరువు తెచ్చుకుంది. 1998లో వచ్చిన ఎక్స్‌ఎమ్‌ఎల్ సమాచారాన్ని పేరు పెట్టిన మూలకాలుగా విడదీసి, ఒకదానిలో ఒకటి ఇమిడ్చి రాసే పద్ధతి. అది మొదటి నుంచీ యూనికోడ్ మీద ఆధారపడినందువల్ల మూలకాల పేర్లను తెలుగు అక్షరాల్లో పెట్టినా తప్పు కాదు. ఏ మూలకం లోపల ఏవి ఉండాలి, ఎన్నిసార్లు ఉండాలి, వాటి విలువలు ఎలాంటివి కావాలి అన్న నియమాలను చెప్పేది స్కీమా.

సరళ రకాలు, సంక్లిష్ట రకాలు

లోపల మరే మూలకమూ లేకుండా ఒకే విలువను పట్టి ఉంచేదాన్ని సరళ రకం అంటారు. స్కీమా తొలి రూపంలోనే 19 ప్రాథమిక రకాలు, వాటి నుంచి పుట్టిన మరో 25 రకాలు సిద్ధంగా ఉన్నాయి: అక్షరమాల (స్ట్రింగ్), దశాంశ సంఖ్య, తేదీ, సంవత్సరం, అవును–కాదు మొదలైనవి. వీటికి పరిమితులు చేర్చి కొత్త సరళ రకాలు చేసుకోవచ్చు. ఇక్కడ ఆలోచించకుండా చేసిన ఎంపికలు తర్వాత చాలా దూరం వెంటాడతాయి. గ్రామ సంకేతం, కార్డు నంబరు, ఫోన్ నంబరు అంకెలతోనే ఉన్నా అవి సంఖ్యలు కావు; వాటిని ఎవరూ కూడరు, తీసివేయరు. వాటిని పూర్ణాంక రకంగా ప్రకటిస్తే, ముందు సున్నా ఉన్న సంకేతం ఒక వ్యవస్థలో ఆ సున్నాతోనూ మరో వ్యవస్థలో సున్నా లేకుండానూ నిలిచి, ఒకే గ్రామం రెండుగా చీలిపోతుంది. బియ్యం తూకాన్ని మాత్రం దశాంశ రకంగానే ప్రకటించాలి. తేలియాడే బిందువు సంఖ్యగా ప్రకటిస్తే కిలోలో పదో వంతును కూడా కంప్యూటర్ తన ద్వియాంశ పద్ధతిలో కచ్చితంగా రాయలేదు, కాబట్టి నెల చివర డీలరు నిల్వకూ కేంద్ర సర్వరు లెక్కకూ గ్రాముల తేడా వస్తుంది, ఆ తేడాకు సంజాయిషీ చెప్పవలసినవాడు డీలరే అవుతాడు.

పేరుకు పెట్టే నిడివి పరిమితి మరింత జాగ్రత్త కోరుతుంది. స్కీమా నిడివిని కంటికి కనిపించే అక్షరాలతో కాక యూనికోడ్ సంకేతాలతో లెక్కిస్తుంది. ‘క్షేత్ర’ అన్న మాట చూడడానికి రెండు అక్షరాలు, యూనికోడ్‌లో ఏడు సంకేతాలు. దేవనాగరి, తెలుగు లిపులు రెండింటికీ ఇదే పరిస్థితి. రోమన్ లిపిలో సరిపోయిందని పెట్టిన పరిమితి దేవనాగరిలో రాసిన గోండు పేరును మధ్యలో నరికేస్తుంది. లేదా పేరు మొత్తాన్నే తిరస్కరిస్తుంది. గోండీ భాషకు మసరాం గోండి లిపి 2017లో, ఆదిలాబాద్ ప్రాంతపు గుంజాల గ్రామం పేరు మీదుగా ప్రసిద్ధమైన గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరాయి. రేపు ఎవరైనా తమ పేరును ఆ లిపుల్లో నమోదు చేయమంటే, అక్షరమాల రకం అందుకు అడ్డు చెప్పదు. అడ్డు వచ్చేది రోమన్ అక్షరాలు మాత్రమే అనుమతించాలని ఎవరో రాసిపెట్టిన నమూనా నియమం.

అనేక మూలకాలను ఒక క్రమంలో కూర్చి, వాటన్నిటికీ కలిపి ఒక పేరు పెట్టినప్పుడు సంక్లిష్ట రకం పుడుతుంది. రేషన్ కుటుంబాన్నే తీసుకుంటే, కార్డు సంకేతం, కార్డు వర్గం, నివాసం, సభ్యులు, నెలవారీ హక్కు అనే మూలకాలు అందులో ఉంటాయి. వీటిలో కార్డు సంకేతం సరళ రకం. నివాసం, సభ్యుడు, హక్కు తిరిగి సంక్లిష్ట రకాలే. ఇలా ఒక సంక్లిష్ట రకం మరికొన్నింటిని తనలో ఇముడ్చుకోవడం వల్లనే ఈ పద్ధతికి బలం వచ్చింది. సభ్యుడు అనే రకాన్ని పేరుతో ఒకసారి నిర్వచిస్తే, కార్డు జారీ సేవ, సరుకుల పంపిణీ సేవ, ఫిర్యాదుల సేవ మూడూ దాన్నే వాడుకోగలవు. పేరు లేకుండా అక్కడికక్కడే నిర్వచించిన రకాన్ని మరొకరు వాడుకోలేరు. తొందరలో రాసిన వర్ణనల్లో సభ్యుడి నిర్వచనం మూడు చోట్ల మూడు రకాలుగా కనిపించడానికి కారణం ఇదే.

మూలకాలను కూర్చడానికి మూడు పద్ధతులున్నాయి. ‘సీక్వెన్స్’లో మూలకాలు ప్రకటించిన వరుసలోనే రావాలి, ‘ఆల్’లో ఏ వరుసలోనైనా రావచ్చు, ‘ఛాయిస్’లో ఇచ్చినవాటిలో ఒకటే రావాలి. ప్రతి మూలకం ఎన్నిసార్లు రావచ్చో చెప్పే రెండు సూచికలను మిన్‌ఆకర్స్, మాక్స్‌ఆకర్స్ అంటారు. ఏమీ చెప్పకపోతే రెండూ ఒకటే అని, అంటే మూలకం తప్పనిసరిగా ఒక్కసారే రావాలని, స్కీమా అనుకుంటుంది. ఈ మౌన నియమం అమాయకంగా కనిపిస్తుంది గానీ నిజానికి చాలా కఠినమైనది. రచయిత ఏ ఆలోచనా లేకుండా వదిలేసిన ప్రతి మూలకమూ తప్పనిసరి మూలకంగా మారుతుంది. ఆ వివరం లేని కుటుంబపు సందేశం చెల్లనిదిగా తిరిగి వెళుతుంది.

ఛాయిస్ ఎక్కడ అవసరమో బస్తర్ అటవీ ఉత్పత్తుల సేకరణలో స్పష్టంగా కనిపిస్తుంది. చింతపండు, ఇప్పపువ్వు కిలోల లెక్కన కొంటారు. తునికాకును మాత్రం 50 ఆకుల కట్టలుగా లెక్కించి, వెయ్యి కట్టలను ఒక ప్రామాణిక బస్తాగా, అక్కడి మాటలో మానక్ బోరాగా, పరిగణిస్తారు. సేకరణదారుకు చెల్లింపు చేసే సేవలో పరిమాణం అని ఒకే సంఖ్య పెట్టి ఊరుకుంటే, అది కిలోలా కట్టలా బస్తాలా అన్నది సందేశం వెలుపల ఎవరి జ్ఞాపకంలోనో మిగిలిపోతుంది. తూకం లేదా కట్టల సంఖ్య, రెండింటిలో ఒకటి తప్పక రావాలని ఛాయిస్‌తో చెప్పడం ఆ అనిశ్చితిని తొలగిస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లో బస్తా ధర 2019లో 2,500 రూపాయల నుంచి 4,000కు, 2024లో 5,500కు పెరిగింది కనుక ధర మాత్రం స్కీమాలో పరిమితిగా కాక, ప్రతి సందేశంలోనూ విలువగా రావాలి.

నివాసం కూడా అలాంటిదే. తెలంగాణలో జిల్లా తర్వాత మండలం, పంచాయతీ, గ్రామం, ఆవాసం అన్న వరుస ఉంటుంది. ఛత్తీస్‌గఢ్‌లో జిల్లా తర్వాత తహసీలు, పంచాయతీ, గ్రామం వస్తాయి, గ్రామం లోపల ఒకదానికొకటి దూరంగా విసిరేసినట్టుండే పారాలు వస్తాయి. బస్తర్‌లో ఒకే ఊరిలోని రెండు పారాల మధ్య వాగో గుట్టో అడ్డుగా ఉంటుంది కనుక, ఊరి పేరుతో ఆగిపోయిన చిరునామా మనిషిని చేరడానికి చాలదు. ఇంటి నంబరు, వీధి తప్పనిసరి అని పట్టణంలో కూర్చుని రాసిన నివాస రకం ఈ పారాల్లో ప్రతి ఇంటి దగ్గరా అబద్ధాన్ని కోరుతుంది. ఏదో ఒకటి నింపకపోతే తెర ముందుకు కదలదు కాబట్టి ఆపరేటరు సున్నానో అడ్డగీతనో పెడతాడు, ఆ సున్నా అధికారిక దత్తాంశంగా నిలిచిపోతుంది.

లేనిదాన్ని చెప్పే పద్ధతి

సంక్లిష్ట రకాన్ని నిర్వచించేటప్పుడు అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఉన్నదాని మీద కాదు, లేనిదాని మీద. స్కీమాలో లేకపోవడం మూడు విధాలు. మూలకం అసలు రాకపోవడం మొదటిది. అందుకు మిన్‌ఆకర్స్ సున్నా కావాలి. మూలకం వచ్చి, లోపల ఏమీ లేకపోవడం రెండవది. అక్షరమాల రకానికి అది చెల్లుతుంది గానీ తేదీకి, సంఖ్యకు చెల్లదు. మూలకం వచ్చి, విలువ లేదని స్పష్టంగా ప్రకటించడం మూడవది. ఇందుకు మూలకాన్ని ‘నిలబుల్’గా ప్రకటించాలి, సందేశంలో ఆ మూలకం మీద ‘నిల్’ అనే గుర్తు రావాలి. మొదటిదాన్ని ‘ఈ సందేశం ఆ విషయం మాట్లాడడం లేదు’ అని, మూడవదాన్ని ‘అడిగాము, విలువ లేదు’ అని చదువుకోవాలని వర్ణనలోనే రాసిపెట్టవచ్చు, రాసిపెట్టాలి కూడా. నారాయణ్‌పూర్ జిల్లా వైపు సుమారు 4,000 చదరపు కిలోమీటర్ల మేర పరచుకున్న అబూజ్‌మాడ్‌లో చాలా గ్రామాలకు రెవెన్యూ సర్వే దశాబ్దాలపాటు జరగలేదు. అక్కడి సాగుదారుకు భూమి ఉంటుంది, సర్వే నంబరు ఉండదు. సర్వే నంబరు రాకపోతే భూమి లేదని లెక్కించే వ్యవస్థకు, నంబరు లేదని ప్రకటించే అవకాశమున్న వ్యవస్థకు మధ్య ఉన్న దూరం ఆ రైతుకు చిన్నది కాదు.

పుట్టిన తేదీ విషయంలో ఈ చిక్కు దేశమంతటా ఉంది, బస్తర్‌లో మరింత దట్టంగా ఉంది. తేదీ రకం సంవత్సరం, నెల, రోజు మూడూ కోరుతుంది. సంవత్సరం మాత్రమే తెలిసిన మనిషికి ఆ రకంలో చోటు లేదు కాబట్టి జనవరి 1 అని నింపడం అలవాటయింది; ఊరిలో సగం మంది ఒకే రోజున పుట్టినట్టు జాబితాలు కనిపించడం అందువల్లనే. దీనికి పరిహారం స్కీమాలోనే ఉంది. రెండు సరళ రకాలను కలిపి, వాటిలో ఏదో ఒకదానికి సరిపోయే విలువను అంగీకరించే ‘యూనియన్’ రకాన్ని చేసుకుంటే పూర్తి తేదీ గానీ సంవత్సరం ఒక్కటే గానీ రాయవచ్చు. ఆధార్ ధ్రువీకరణ సేవ కోసం విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థ బహిరంగంగా ప్రచురించిన ఎక్స్‌ఎమ్‌ఎల్ వివరణలో ఈ ఔచిత్యం కనిపిస్తుంది: వ్యక్తి వివరాల మూలకంలో పుట్టిన తేదీని పూర్తిగా గానీ సంవత్సరంగా గానీ ఇవ్వవచ్చు, దానికి తోడు ఆ తేదీ పత్రాలతో సరిచూసినదా, చెప్పగా రాసుకున్నదా, అంచనాగా వేసినదా అని చెప్పే గుర్తు వేరుగా ఉంది, పేరును రోమన్‌లోనే కాక భారతీయ భాషలో కూడా ఇవ్వడానికి చోటుంది. ఒక విలువను, ఆ విలువ మీద ఉండవలసిన నమ్మకపు స్థాయిని రెండు వేర్వేరు వివరాలుగా ఉంచడం దత్తాంశ రకాల రూపకల్పనలో ఉన్నతమైన ఆలోచన. వాడేవారు దాన్ని ఎంతవరకు పట్టించుకుంటారన్నది వేరే ప్రశ్న.

జాతీయ హక్కు, రాష్ట్ర హక్కు

2013 జాతీయ ఆహార భద్రత చట్టం ప్రకారం ప్రాధాన్య కుటుంబాలకు మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కుటుంబాలకు ఇంటికి 35 కిలోలు రావాలి. ఒకటి తలల లెక్క, మరొకటి పొయ్యిల లెక్క. రెండింటినీ ‘హక్కు’ అనే ఒకే రకంలో ఒకే సంఖ్యగా కుదించవచ్చు. కానీ కూలికి వచ్చిన ఇద్దరు తమ వాటా ఇక్కడ తీసుకుని, ఊళ్లో ఉన్న నలుగురికి మిగతాది అక్కడ వదిలిపెట్టాలనుకున్నప్పుడు, ఆ సంఖ్య ఎలా వచ్చిందో తెలియకుండా పంచడం కష్టం. ఇందుకు స్కీమాలో నైరూప్య రకం అనే సౌకర్యం ఉంది. హక్కు అనే మూల రకాన్ని నేరుగా వాడకూడనిదిగా ప్రకటించి, దాని నుంచి తలల లెక్క హక్కు, ఇంటి లెక్క హక్కు అనే రెండు రకాలను విస్తరణ పద్ధతిలో పుట్టించి, ప్రతి సందేశమూ తాను పంపుతున్నది ఏదో పేరు పెట్టి చెప్పేలా చేయవచ్చు.

ఛత్తీస్‌గఢ్ జాతీయ చట్టం కన్నా ముందే, 2012లో, తన సొంత ఆహార, పోషణ భద్రతా చట్టాన్ని తెచ్చుకుంది. 2019 అక్టోబరు 2 నుంచి అమలైన విధానంలో ఒక్కరున్న కుటుంబానికి 10 కిలోలు, ఇద్దరికి 20, ముగ్గురి నుంచి ఐదుగురి వరకు 35, అంతకు మించితే మనిషికి 7 కిలోల బియ్యం ఇచ్చేలా ఏర్పాటు చేసింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో రాయితీ మీద శనగలు, ఉచితంగా ఉప్పు ఇచ్చింది. బస్తర్ డివిజన్ కుటుంబాలకు రక్తహీనతను దృష్టిలో పెట్టుకుని 2020 జనవరిలో నెలకు 2 కిలోల బెల్లాన్ని కిలో 17 రూపాయలకు ఇచ్చే మధుర్ గుడ్ పథకాన్ని ప్రారంభించింది. అంతర్రాష్ట్ర సౌకర్యం కింద సరిహద్దు దాటి వెళ్లేది జాతీయ చట్టపు హక్కు మాత్రమే. రాష్ట్రం తన ఖర్చుతో కలిపినవి ఊళ్లోనే ఉండిపోతాయి. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చర్ల దగ్గరి దుకాణంలో కార్డు చూపిన సుక్మా కూలీకి బెల్లం రాదు.

దీన్ని రకాలుగా రాసేటప్పుడు జాతీయ హక్కును ఒక నామక్షేత్రంలో, అంటే పేర్లు కలగలిసిపోకుండా కాపాడే ప్రత్యేక పరిధిలో, నిర్వచించి, ఛత్తీస్‌గఢ్ హక్కును మరో నామక్షేత్రంలో దానికి విస్తరణగా నిర్వచించడం సహజంగా తోస్తుంది. విస్తరణ నియమం ప్రకారం కొత్త మూలకాలు పాతవాటి తర్వాత, వరుస చివరనే చేరతాయి. కానీ విస్తృత రూపంలోని సందేశం తెలంగాణ వ్యవస్థకు వెళితే, దానికి తెలియని రకం పేరు కనిపించినందువల్ల అది మొత్తం సందేశాన్నే తిరస్కరించగలదు. బెల్లం ఊసు వల్ల బియ్యం ఆగిపోతుంది. కాబట్టి రాష్ట్రాల మధ్య తిరిగే సేవలో మూల రకమే వెళ్లాలి, విస్తృత రకం సొంత రాష్ట్రపు సేవకే పరిమితం కావాలి.

అసలు ప్రతి సరుకుకూ ఒక మూలకం పెట్టడం మంచిదేనా అన్న ప్రశ్న కూడా ఇక్కడే ఎదురవుతుంది. బియ్యం, ఉప్పు, శనగలు అని మూడు మూలకాలతో రాసిన రకానికి 2020లో బెల్లం చేర్చాలంటే స్కీమా మారాలి. స్కీమా మారితే దాన్ని ఆధారం చేసుకున్న ప్రతి దుకాణపు యంత్రంలోనూ ప్రోగ్రాం మారాలి. అలా కాక, సరుకు అనే ఒక సంక్లిష్ట రకాన్ని సంకేతం, పరిమాణం, కొలమానం, ధర అన్న మూలకాలతో నిర్వచించి, హక్కులో అది ఎన్నిసార్లయినా రావచ్చని చెబితే, బెల్లం కొత్త మూలకం కాక కొత్త సంకేతంగా వస్తుంది. ఈ పద్ధతిలో స్కీమా చేసే తనిఖీ కొంత సడలుతుంది. బియ్యం తప్పక ఉండాలని అది పట్టుబట్టలేదు. అయినా ప్రభుత్వ విధానం ఏడాదికోసారి మారే చోట, యంత్రాలు అడవి దారుల చివర ఉన్నచోట, ఈ సడలింపే మేలు.

జిల్లాల పేర్ల విషయంలోనూ ఇదే తీర్పు వర్తిస్తుంది. అనుమతించిన విలువలన్నిటినీ వరుసగా రాసి, వాటికి బయట ఉన్నదాన్ని తిరస్కరించే పరిమితిని ‘ఎన్యూమరేషన్’ అంటారు. 2000లో రాష్ట్రం ఏర్పడినప్పుడు ఛత్తీస్‌గఢ్‌లో 16 జిల్లాలు, 2007లో బీజాపూర్, నారాయణ్‌పూర్ చేరి 18 అయ్యాయి, 2012లో సుక్మా, కొండగావ్ సహా తొమ్మిది చేరి 27, 2020లో 28, 2022లో 33. 2007కు ముందు జిల్లాల జాబితాను స్కీమాలో బిగించిన సేవ ఏదైనా, బస్తర్ డివిజన్‌లోని ఏడు జిల్లాల్లో నాలుగింటిని గుర్తించలేక, ఆ నాలుగు జిల్లాల ప్రజల సందేశాలను తప్పుడు సందేశాలుగా పక్కన పెడుతుంది. లింగం, కార్డు వర్గం లాంటి నిదానంగా మారే విలువలకు ఎన్యూమరేషన్ సరే. పరిపాలన విభాగాలకు పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నిర్వహించే స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీ లాంటి వెలుపలి సంకేతాల జాబితాను ఆశ్రయించడమే క్షేమం.

రకం చెప్పలేని నియమాలు

కుటుంబంలో 18 ఏళ్లు నిండిన స్త్రీలలో పెద్దామె కార్డుకు పెద్ద కావాలని జాతీయ చట్టపు 13వ సెక్షన్ చెబుతుంది. అలాంటి స్త్రీ లేక, చిన్న వయసు బాలిక ఉంటే, ఆమెకు 18 నిండే వరకు పురుషులలో పెద్దవాడు ఆ స్థానంలో ఉండాలి. ఇంత స్పష్టంగా మాటల్లో చెప్పగల నియమాన్ని 2001 నాటి స్కీమా చెప్పలేదు. అది ఒక్కో మూలకాన్ని విడిగా పరీక్షించగలదే కానీ, ఒక మూలకం విలువను బట్టి మరో మూలకం చెల్లుబాటును నిర్ణయించలేదు. మహా అయితే, ఇంటిపెద్దగా పేర్కొన్న సంకేతం సభ్యుల జాబితాలో ఉన్న సంకేతమే కావాలని ‘కీ’, ‘కీరెఫ్’ అనే గుర్తింపు నియమాలతో చెప్పవచ్చు. అయితే వర్ణన పత్రం నుంచి ప్రోగ్రాంను తయారు చేసే సాధనాలు చాలావరకు ఆ నియమాలను పట్టించుకోవు. 2012 ఏప్రిల్‌లో వెలువడిన స్కీమా 1.1 రూపం ‘అసర్ట్’ అనే నియమంతో మూలకాల మధ్య సంబంధాలను రాసే వీలు కల్పించింది, కానీ వెబ్ సేవల సాధనాల్లో అధిక భాగం అప్పటికే పాత రూపం మీద స్థిరపడిపోయాయి. అందువల్ల ఇలాంటి నియమం సేవ లోపలి ప్రోగ్రాంలో ఉండాలి, వర్ణన పత్రంలో మనుషుల కోసం రాసే వివరణగా కూడా ఉండాలి. జనవరి 1 తేదీల సంగతి ఇక్కడ మళ్లీ బాధిస్తుంది: ఊహించి నింపిన తేదీ ఆధారంగా ఒక బాలిక ఇంటిపెద్ద అయ్యే రోజు నిర్ణయమవుతుంది.

వర్ణన పత్రాన్ని మనుషుల కంటే ఎక్కువగా చదివేవి సాధనాలే కనుక, వాటి అలవాట్లు తెలియకుండా రకాలు రాయడం ప్రమాదం. ఐచ్ఛికమైన సంఖ్యా మూలకాన్ని చూసినప్పుడు మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ పాత సాధనం రెండు చరాలను తయారు చేస్తుంది: ఒకటి విలువకు, మరొకటి ఆ విలువను నింపామా లేదా అన్నదానికి. రెండోదాన్ని అవునని మార్చడం ప్రోగ్రామరు మరిచిపోతే, మిగిలిన కోటా ఎంతో లెక్కకట్టి పెట్టినా అది సందేశంలోకి ఎక్కదు. ఏ దోషమూ కనిపించదు, అవతలి దుకాణానికి మాత్రం కోటా కనిపించదు. జాబితాల విషయంలో తొలి రోజుల్లో సోప్ సందేశ పద్ధతికి ప్రత్యేకమైన ‘అర్రే’ రకం వాడుకలో ఉండేది. వేర్వేరు సంస్థల సాధనాలు దాన్ని వేర్వేరుగా అర్థం చేసుకున్నందువల్ల, 2004లో ఖరారైన డబ్ల్యూఎస్–ఐ సంస్థ మౌలిక నియమావళి దాన్ని పక్కన పెట్టింది. అప్పటి నుంచి సభ్యుల జాబితా అంటే మాక్స్‌ఆకర్స్‌కు హద్దు లేదని చెప్పిన సాధారణ మూలకమే.

నేటి కొత్త సేవలు చాలావరకు ఎక్స్‌ఎమ్‌ఎల్ బదులు జేసన్ రూపంలో మాట్లాడుకుంటున్నాయి, వాటి వర్ణనలు ఓపెన్‌ఏపీఐ పద్ధతిలో ఉంటున్నాయి. సందేశాలు పొట్టివయ్యాయి, ప్రశ్నలు మాత్రం పాతవే. ఏది తప్పనిసరి అన్నదానికి అక్కడ ‘రిక్వైర్డ్’ జాబితా ఉంది. ఛాయిస్ స్థానంలో ‘వన్ఆఫ్’ ఉంది. లేని విలువను ప్రకటించే ‘నలబుల్’ అనే మాటను 3.0 రూపంలో ప్రవేశపెట్టి, 2021లో 3.1 రూపానికి వచ్చేసరికి తొలగించి, శూన్యాన్ని కూడా ఒక రకంగానే లెక్కించే పద్ధతికి మారారు. లేకపోవడాన్ని ఎలా చెప్పాలన్న విషయంలో ప్రమాణాలు రాసేవారే ఇరవై ఏళ్లుగా అటూఇటూ మారుతున్నారంటే, అది సులువైన సమస్య కాదని తెలుస్తుంది.

ఇంతవరకు చెప్పినది సఫలమైన జవాబు గురించి. డబ్ల్యూఎస్‌డీఎల్‌లో ప్రతి క్రియకూ ప్రశ్న, జవాబులతోపాటు ‘ఫాల్ట్’ అనే మూడో సందేశాన్ని నిర్వచించే అవకాశం ఉంది. పని జరగకపోతే వెళ్లేది అదే. జవాబుకు ముప్పై మూలకాలతో సంక్లిష్ట రకం రాసినవారు కూడా ఫాల్ట్ దగ్గరికి వచ్చేసరికి దోష సంఖ్య, ఒక వాక్యం అనే రెండు మూలకాలతో సరిపెడతారు. దుకాణం ముందు నిలబడిన మనిషికి ఆ రోజు అందేది ఫాల్ట్ సందేశమే అయినప్పుడు ఈ పొదుపు చాలా అన్యాయం చేస్తుంది. వేలిముద్ర కలవకపోవడం, సిగ్నల్ అందకపోవడం, అవతలి రాష్ట్రపు సర్వరు పలకకపోవడం, కోటా అప్పటికే తీసుకుని ఉండడం ఒకదానితో ఒకటి పోల్చదగినవి కావు. మొదటి మూడింటిలో కుటుంబపు హక్కు చెక్కుచెదరకుండా ఉంది, నాలుగోదానిలో మాత్రమే ఆ నెలకు తీరిపోయింది. వేలిముద్ర కలవలేదనో నెట్‌వర్క్ లేదనో సరుకులు నిరాకరించకూడదని, అలాంటి సందర్భాలను మినహాయింపుల రిజిస్టరులో వేరుగా రాసి సరుకులు ఇవ్వాలని కేంద్ర ఆహార, ప్రజాపంపిణీ శాఖ 2017 అక్టోబరు 24న రాష్ట్రాలకు రాసింది. ఆ ఆదేశాన్ని వర్ణనలోకి తేవాలంటే ఫాల్ట్‌ను కూడా జవాబంత శ్రద్ధగా నిర్వచించాలి: వైఫల్యం ఏ దశలో జరిగింది, ఏ రాష్ట్రపు వ్యవస్థలో జరిగింది, హక్కు మిగిలి ఉందా, మిగిలి ఉంటే ఎంత, మినహాయింపు కింద ఇవ్వవచ్చా, ఇస్తే ఆ నమోదు సంకేతం ఏది, ఫిర్యాదు ఏ జిల్లా అధికారికి వెళ్లాలి అన్న మూలకాలు అందులో ఉండాలి, వీటిలో హక్కు మిగిలి ఉందా అన్న మూలకానికి మిన్‌ఆకర్స్ ఒకటిగా ఉండాలి.